రేడియో కథ - మా దాదీ అడిగిన ప్రశ్న



ఈ నెల గోడపత్రికలో పాఠం రాసే వంతు నాకు వచ్చినది. ఏం రాయాలా అని రెండు రోజులు ఆలోచించినాను. చివరకు రేడియో గురించి రాస్తున్నాను. రేడియో ఇప్పుడు ఎవరు వింటారు అని మీరు నవ్వవద్దు. మా తండాలో మా దాదీ వింటుంది. దాదీ అంటే మా నాయన వాళ్ళ అమ్మ. ఈ పాఠం రాయడానికి కారణం కూడా ఆమే.

నేను 6వ తరగతిలో ఉన్నప్పుడు దసరా సెలవులకు ఇంటికి పోయినాను. అప్పుడే శెనక్కాయ చెట్లు పీకి చేన్లో ఆరబెట్టి ఉండినారు. నాయన పనికి బెంగళూరు పోయినాడు. ఇంట్లో దాదీ, యాడి, నేను ఉన్నాము. సాయంత్రం దాదీ బటన్ ఫోనుకు ఇయర్‌ఫోన్ వైరు గుచ్చి రేడియో పెట్టింది. (ఆ వైరే ఏరియల్ లాగా పని చేస్తుంది. అది లేకపోతే స్టేషన్ పట్టదు.) వార్తలలో "బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడింది" అని చెప్పినారు. తర్వాత గరగర అని శబ్దం వచ్చి మిగతాది వినపడలేదు.

"ఎవరికి పీడ పట్టిందంట?" అని దాదీ అడిగింది.

నాకూ తెలియదు. "ఎవరికో, బంగాళంలో అంట" అని చెప్పినాను.

మూడో రోజు రాత్రి వాన కొట్టింది. చెట్లన్నీ నానిపోయినాయి. కాయలు కొన్ని మొలకెత్తినాయి, కొన్నిటికి బూజు పట్టింది. పశువులకు వేసే కట్టె కూడా నల్లగా అయిపోయింది. కాయలు కొనేవాళ్ళు రేటు తగ్గించి అడిగినారు. ఆ సంవత్సరం ఇంట్లో చాలా ఇబ్బంది పడినారు. దాదీ నన్ను తిట్టలేదు. కానీ ఒక మాట అడిగింది. "ఆ రేడియోలో తెలుగు మాట్లాడతారు, కన్నడం మాట్లాడతారు, హిందీ మాట్లాడతారు. మన మాట ఎందుకు మాట్లాడరే?"

నేను జవాబు చెప్పలేకపోయినాను. ఇప్పుడు 9వ తరగతికి వచ్చినాను కాబట్టి చదివి జవాబు రాస్తున్నాను.

1. రేడియో మన దేశానికి ఎట్లా వచ్చింది?

మన దేశంలో రేడియోను మొదట ప్రభుత్వం పెట్టలేదు. ఇష్టమున్నవాళ్ళు క్లబ్బులుగా చేరి పెట్టినారు. 1923లో బొంబాయిలో, కలకత్తాలో, 1924లో మద్రాసులో రేడియో క్లబ్బులు ప్రసారాలు చేసినాయి. మద్రాసు క్లబ్బు డబ్బు చాలక 1927లో ఆగిపోయింది.

1927 జూలై 23న ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ బొంబాయిలో స్టేషన్ ప్రారంభించింది. తర్వాత నెలలో కలకత్తాలో కూడా పెట్టింది. రేడియో పెట్టె ఉన్నవాళ్ళు సంవత్సరానికి 10 రూపాయలు లైసెన్సు కట్టవలెను. దానిలో ఎక్కువ భాగం కంపెనీకి వచ్చేది. కానీ 1930 నాటికి దేశం మొత్తం మీద లైసెన్సులు 8 వేలు కూడా కాలేదు. పెట్టె ఖరీదు ఎక్కువ, పేదవాళ్ళు కొనలేరు. కావున కంపెనీ మూతపడింది. 1930 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వం రేడియోను తన చేతికి తీసుకున్నది. 1936 జూన్ 8న దానికి ఆల్ ఇండియా రేడియో అని పేరు పెట్టినారు.

అప్పటి ప్రభుత్వం మనది కాదు, ఇంగ్లీషువాళ్ళది. ఇది గుర్తు పెట్టుకోవాలి.

2. ఆకాశవాణి అనే పేరు

ఈ పేరు ఢిల్లీలో పుట్టలేదు. మనకు దగ్గరలో మైసూరులో పుట్టింది. మైసూరు మహారాజా కాలేజీలో ఎం.వి. గోపాలస్వామి అనే ప్రొఫెసరు గారు 1935లో తన ఇంట్లోనే చిన్న రేడియో స్టేషన్ పెట్టినారు. ఆ ట్రాన్స్‌మిటర్ శక్తి 30 వాట్లు మాత్రమే. మన హాస్టల్ వరండాలో వెలిగే బల్బు కంటే తక్కువ ఉండవచ్చు! దానికి ఆకాశవాణి అని పేరు పెట్టినారు. ఆ పేరు సూచించినవారు కన్నడ రచయిత నా. కస్తూరి గారని చెబుతారు. ఆయనే తర్వాతి రోజుల్లో మన జిల్లాలోని పుట్టపర్తికి వచ్చి ఉన్నారు. 1956-57 ప్రాంతంలో దేశం మొత్తం రేడియోకు ఇదే పేరు తీసుకున్నారు. 2023 నుండి ఇంగ్లీషులో కూడా ఆకాశవాణి అనే వాడుతున్నారు.

3. తెలుగు రేడియో

1938 జూన్ 16న మద్రాసులో ఆల్ ఇండియా రేడియో స్టేషన్ మొదలయింది. అందులో తమిళం, తెలుగు రెండూ వచ్చేవి. అంటే ఒకే స్టేషన్ టైమును రెండు భాషలు పంచుకున్నాయి. అటు హైదరాబాదులో నిజాం ప్రభుత్వం 1935 నుండి దక్కన్ రేడియో నడిపింది. దానిలో ఎక్కువ ఉర్దూ ఉండేది.

1947లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు మన దేశానికి 6 స్టేషన్లే మిగిలినాయి. అవి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, తిరుచిరాపల్లి, లక్నో. ఇవి దేశంలో నూటికి 11 మందికి మాత్రమే అందేవి. తెలుగు ప్రాంతంలో ఒక్కటి కూడా లేదు. 1948 డిసెంబర్ 1న విజయవాడ స్టేషన్ వచ్చింది. 1950లో దక్కన్ రేడియో ఆల్ ఇండియా రేడియోలో కలిసింది. 1963లో కడపలో, విశాఖపట్నంలో స్టేషన్లు వచ్చినాయి. తర్వాత మన అనంతపురానికి కూడా ఎఫ్.ఎం. స్టేషన్ వచ్చింది.

చిన్నపిల్లల కార్యక్రమాలు చేసిన న్యాయపతి రాఘవరావు గారిని రేడియో అన్నయ్య అని, ఆయన భార్య కామేశ్వరి గారిని రేడియో అక్కయ్య అని తెలుగు పిల్లలు పిలిచేవారు. సినిమా నటుడు జగ్గయ్య గారు కూడా కొంతకాలం ఢిల్లీ నుండి తెలుగు వార్తలు చదివినారు.

4. రేడియో వల్ల పంట పండింది

రేడియో అంటే పాటలు మాత్రమే కాదు. 1956లో మహారాష్ట్రలో 150 ఊళ్ళలో రైతులు కూర్చొని రేడియో విని, విన్నదాని మీద మాట్లాడుకునే సంఘాలు పెట్టినారు. 1960లలో తమిళనాడు తంజావూరు రైతులు ఒక కొత్త వరి రకం గురించి రేడియోలో విని నాటినారు. దానికి ఏ.డి.టి. 27 అని పేరు. రైతులు మాత్రం దానిని రేడియో వడ్లు అనే పిలిచినారు. వాళ్ళ భాషలో చెప్పినారు కాబట్టి వాళ్ళకు అర్థమయింది. మాకు అర్థం కాలేదు కాబట్టి కాయలు నానిపోయినాయి. తేడా అంతే.

5. అల్పపీడనం ఎందుకు అర్థం కాలేదు?

దేశ వార్తలను ఢిల్లీలో మొదట ఎక్కువగా ఇంగ్లీషులో తయారు చేసి, తర్వాత మిగతా భాషలలోకి మార్చేవారు. ఇంగ్లీషులో లో ప్రెషర్ అన్నదానిని తెలుగులో అల్పపీడనం అన్నారు. అల్పం అంటే తక్కువ, పీడనం అంటే ఒత్తిడి. మన సైన్సు పుస్తకంలో ఉంది. కానీ చేన్లో ఉండే మనిషికి పీడ అంటే వేరే అర్థం కదా! తెలుగువాళ్ళకే కష్టమైన మాట, ఇంట్లో గోర్ బోలి మాట్లాడే దాదీకి ఎట్లా తెలుస్తుంది?

కావున అందరికీ పనికి వచ్చే మాటలు రాస్తున్నాను.

అల్పపీడనం: సముద్రం మీద ఒక చోట గాలి ఒత్తిడి తగ్గుతుంది. చుట్టూ ఉన్న గాలి అక్కడికి తోసుకొస్తుంది. మబ్బులు చేరుతాయి. వాన రావచ్చు.
వాయుగుండం: అల్పపీడనం ఇంకా బలం అయితే వాయుగుండం. జాగ్రత్త పడాలి.
తుపాను: వాయుగుండం కూడా ఇంకా బలం అయితే తుపాను.
ఓ మోస్తరు వర్షం: మరీ ఎక్కువ కాదు, మరీ తక్కువ కాదు. అయినా ఆరబెట్టిన కాయలు తడవడానికి అది చాలు.

6. మన మాట ఎందుకు లేదు?

ఇప్పుడు దాదీ ప్రశ్నకు వస్తున్నాను. ఆకాశవాణి 23 భాషలలో, 179 మాండలికాలలో కార్యక్రమాలు చేస్తుందని లెక్క. ఇది చాలా గొప్ప విషయమే. సంస్కృతంలో కూడా 1974 నుండి వార్తలు ఉన్నాయి. ఆదిలాబాద్ స్టేషన్ నుండి గోండి భాషలో కార్యక్రమాలు వచ్చినాయి. కానీ మా తండాలో పట్టే స్టేషన్లలో గోర్ బోలి వార్తలు నేను ఒక్కరోజు కూడా వినలేదు.

నాకు అర్థమైన కారణాలు ఇవి. మొదటిది, స్వాతంత్ర్యం తర్వాత భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడినాయి. స్టేషన్ కూడా ఆ రాష్ట్రం భాషలో మాట్లాడింది. మాకు రాష్ట్రం లేదు. మా వాళ్ళు ఆంధ్రలో, తెలంగాణలో, కర్ణాటకలో, మహారాష్ట్రలో చెదిరి ఉన్నారు. రెండవది, రాజ్యాంగం 8వ షెడ్యూల్‌లో 22 భాషలు ఉన్నాయి, అందులో మాది లేదు. మూడవది నాకు చాలా ఆశ్చర్యం కలిగించింది. 2011 జనాభా లెక్కలలో లంబాడీ మాట్లాడేవాళ్ళు 32 లక్షలకు పైగా ఉన్నారు. కానీ ఆ లెక్కను హిందీ కింద కలిపినారు! మా దాదీకి హిందీ వార్తలు పెడితే ఒక్క ముక్క అర్థం కాదు. లెక్కలో మాత్రం ఆమె హిందీ మనిషి. ఎరుకల అక్కలు కూడా ఇంట్లో వేరే మాట మాట్లాడతారు, అది తమిళానికి దగ్గర. వాళ్ళదీ ఇదే కష్టం.

7. రేడియో మారుతుందా?

మారుతుంది. 1952లో మంత్రి కేస్కర్ గారు రేడియోలో సినిమా పాటలు బాగా తగ్గించినారు. జనం ఏం చేసినారు? బిరడా తిప్పి రేడియో సిలోన్ విన్నారు. చివరకు 1957 అక్టోబర్ 3న ప్రభుత్వమే పాటల కోసం వివిధ భారతి ప్రారంభించింది. అంటే వినేవాళ్ళకు బలం ఉంది.

రేడియో ప్రభుత్వం చేతిలోనే ఉంటే ప్రభుత్వం మాటే చెబుతుందని చాలామంది అన్నారు. 1975-77 ఎమర్జెన్సీ తర్వాత ఈ మాట పెరిగింది. 1990లో ప్రసార భారతి చట్టం వచ్చి, 1997లో అమలు అయింది. 1995లో సుప్రీం కోర్టు, గాలిలో పోయే తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ప్రజల ఆస్తి అంటే మా దాదీ ఆస్తి కూడా అని నేను అనుకుంటున్నాను.

2008 అక్టోబర్ 15న జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియో మొదలయింది. దానిని నడిపినది పల్లెటూరి దళిత ఆడవాళ్ళు. వాళ్ళు ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడినారు, విత్తనాల గురించి, పంటల గురించి, పాటల గురించి. వాళ్ళు చేసినారంటే మనమూ ఎప్పుడో ఒకరోజు చేయవచ్చును.

8. నా మనవి

మన హాస్టల్‌లో స్టేషన్ పెట్టలేము. కానీ ఉదయం ప్రార్థనలో వార్తలు తెలుగులో, ఇంగ్లీషులో చదువుతున్నాము కదా. ప్రతి శనివారం వాన సంగతి, పంట సంగతి మాత్రం గోర్ బోలిలో, ఎరుకల మాటలో, కన్నడంలో కూడా చెబితే బాగుంటుంది. అయిదు నిమిషాలు చాలు. వార్డెన్ మేడమ్ గారు అనుమతి ఇవ్వవలెనని కోరుచున్నాను. గోర్ బోలిలో చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు అందరూ అవే మాటలు ఇంట్లో చెప్పవచ్చు.

చివరగా ఒక మాట. పోయిన దసరా సెలవుల్లో నేను దాదీకి అల్పపీడనం అంటే ఏమిటో మా మాటలో చెప్పినాను. నీళ్ళ గిన్నె, గుడ్డ పెట్టి చూపించినాను. నాలుగు రోజులకు రేడియోలో మళ్ళీ అదే మాట వచ్చింది. దాదీ గబగబా లేచి, "పీడ వచ్చిందంట, పట్ట కప్పండి" అని అరిచింది. అందరం పోయి కాయల కుప్ప మీద పట్ట కప్పి రాళ్ళు పెట్టినాము. ఆ సారి మా దిక్కు వాన రానే లేదు. నేను సిగ్గుపడినాను. దాదీ మాత్రం, "రాకపోతే పోనీలే, ఈసారి నాకు ముందే తెలిసింది కదా" అన్నది.

చెప్పండి చూద్దాం
1. ప్రభుత్వం రేడియోను ఏ సంవత్సరంలో తీసుకున్నది? ఎందుకు?
2. ఆకాశవాణి అనే పేరు మొదట ఏ ఊరిలో పెట్టినారు?
3. విజయవాడ స్టేషన్ ఎప్పుడు వచ్చింది?
4. వాయుగుండం అనే మాటను మీ ఇంటి భాషలో ఎట్లా చెబుతారు? (దీనికి జవాబు పుస్తకంలో లేదు. ఇంట్లో అడిగి వచ్చి నాకు చెప్పండి, వచ్చే నెల గోడపత్రికలో రాస్తాను.)

తప్పులు ఉంటే మన్నించగలరు.

ఇట్లు
9వ తరగతి విద్యార్థిని,
చిలమత్తూరు