లండన్ ఎపిసోడ్‌కి తొలి షాట్ అమరావతిలోనే

విదేశాల్లో తీసిన ట్రావెల్ సిరీస్ అంటే మన టీవీల్లో కనబడే తంతు ఒకటే. యాంకర్ ట్రాలీ బ్యాగు లాక్కుంటూ ఎయిర్‌పోర్టు బయటికి వస్తాడు, వెనకాల థేమ్స్ మీద వంతెన, పక్కన ఎర్ర బస్సు. ఆపాటి షాట్లు ఇవాళ ఎవరి ఫోన్లో చూసినా ఉంటాయి. పల్నాడు నుంచి లండన్ బయల్దేరే యూనిట్‌కి అంతకన్నా గట్టి పనే ఉంది. బ్రిటిష్ మ్యూజియం 33ఏ గదిలో, అద్దాల వెనక నిలబెట్టిన చెక్కడపు రాళ్లు మన అమరావతి మహాచైత్యానివి, అంటే అక్కడి పెద్ద బౌద్ధ స్తూపానివి. 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా జిల్లా ఏర్పడినప్పుడు అమరావతి మండలం పల్నాడులోకే వచ్చింది. అంటే మన జిల్లా రాళ్లను చూడ్డానికి సముద్రాలు దాటి పోవడమన్నమాట. ఆ ఒక్క ఎపిసోడ్ ఎలా తయారవుతుందో చెబుతాను.

ముందు కాగితం మీద కథ తేలాలి. 1790ల్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి అమరావతికి మారి కొత్త ఊరు కట్టిస్తున్నప్పుడు, జనం దీపాలదిన్నె అని పిలిచే ఆ చైత్యపు దిబ్బను ఇటుకల కోసం తవ్వారు. సంగతి తెలిసి ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చి శిల్పాలకు బొమ్మలు గీయించాడు. 1845లో మద్రాసు సివిల్ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరాయి, వాటిలో చాలా భాగం 1859లో లండన్‌కు ఓడెక్కింది. అక్కడా వాటి బతుకు ఏమంత గొప్పగా సాగలేదు. 1867లో వాస్తుకళా చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ కంటబడే నాటికి అవి ఒక పాత భవనం బండ్ల కొట్టంలో పడి ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియానికి చేరింది 1880లో.

ఇది రాసుకుంటున్నప్పుడే ఒక నిర్ణయం జరగాలి. యాంకర్ అద్దం ముందు నిలబడి తెల్లవాళ్లు దోచుకుపోయారని రెండు నిమిషాలు ఆవేశపడితే చప్పట్లు పడతాయి, కథ మాత్రం అక్కడే ఆగిపోతుంది. దిబ్బ తవ్వించింది మన జమీందారే. కొన్ని రాళ్లు మనవాళ్ల చేతుల్లోనే సున్నపు బట్టీల పాలయ్యాయి. ఆ సంగతీ స్క్రిప్టులో ఉండాలి. అప్పుడే, ఈ రాళ్లు లండన్‌లో ఎందుకుండాలన్న ప్రశ్న అడిగే హక్కు యాంకర్‌కి వస్తుంది.

స్క్రిప్టు అయ్యాక ఇంటి దగ్గర షూటింగు. విదేశీ ఎపిసోడ్‌లో దాదాపు సగం ఇక్కడే తీయాలని నా అభిప్రాయం. చాలా యూనిట్లు దీన్ని తిరిగొచ్చాక చూసుకుందాంలే అని వదిలేస్తాయి, అదే చేటు. ఇక్కడి షాట్ ఎలా తీశామో తెలిస్తేనే అక్కడ దానికి జోడీ షాట్ తీయగలం. మహాచైత్యం స్థలం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది కాబట్టి టీవీ షూటింగుకి ముందే దరఖాస్తు పెట్టాలి. పక్కన మ్యూజియానికి శుక్రవారం సెలవు, షెడ్యూలు వేసేటప్పుడు అది మరవకూడదు.

స్తూపం ఇప్పుడు లేదు. పచ్చగడ్డి మధ్య గుండ్రటి దిబ్బ, చుట్టూ విరిగిన రాళ్లు, అంతే. అందుకే కెమెరా నడకను బట్టే జనానికి ఆ వైశాల్యం తెలియాలి. స్తూపం కుడిచేతి వైపు ఉండేలా ప్రదక్షిణంగా తిరుగుతూ తీస్తాం. స్తూపాన్నే చూస్తున్న కెమెరా ఎడమకి జరుగుతూ పోతుంది. లండన్ గదిలో పలకల ముందు కూడా అదే లెన్సుతో, అదే వేగంతో, అదే దిక్కుకి జరగాలి. ఎడిటింగ్‌లో రెండూ కలిపితే దిబ్బ చుట్టూ మొదలైన ప్రదక్షిణ అద్దాల గదిలో పూర్తవుతుంది. టేబుల్ దగ్గర ఎంత గొప్ప ఎడిటర్ కూర్చున్నా, దిక్కు తప్పిన షాట్లతో ఆ పని జరగదు.

తర్వాత మాచర్ల వైపు. అమరావతి శిల్పులు వాడింది పల్నాటి సున్నపురాయి, అందుకే క్వారీలో రాయి చీల్చే పని, పిడుగురాళ్లలో సున్నపు బట్టీ తీసుకోవాలి. ఉలి చప్పుడు విడిగా రికార్డు చేయాలి, లండన్‌లో నిశ్శబ్దంగా ఉన్న రాయి మీద అది పనికొస్తుంది. ఇక్కడ బైట్ తీసుకునేటప్పుడు యాంకర్ మైకు మూతి దగ్గర పెట్టి ‘మీ అనుభవాన్ని ప్రేక్షకులతో పంచుకోండి’ అంటే పెద్దాయన బిగుసుకుపోతాడు. ‘బాబాయ్, ఈ రాయి మెత్తనో గట్టిదో దెబ్బేయకముందే ఎట్టా తెలుస్తది?’ అని అడిగితే ఆయనే కెమెరాను మరిచిపోతాడు. ఈ పని మేలో పెట్టుకోవద్దు. రెంటచింతల ఎండకు మనుషులతో పాటు కెమెరాలూ వేడెక్కి ఆగిపోతాయి.

ఇక కాగితాల పని. సినిమా, టీవీ కార్యక్రమం ఖర్చు చాలావరకు బయటి దేశానిదే అయి, యూనిట్ ఆ దేశపు సంస్థ ఉద్యోగులే అయితే, బ్రిటన్ లొకేషన్ షూటింగుకి విజిటర్ వీసా ఒప్పుకుంటుంది. సంస్థ లెటరు గట్టిగా ఉండాలి. సామాను ఎక్కువైతే, దాన్ని సుంకం లేకుండా తీసుకెళ్లి తిరిగి తెచ్చుకోవడానికి పనికొచ్చే కస్టమ్స్ పుస్తకం, అంటే కార్నెట్, తీసుకోవాలి. మన దేశంలో ఇచ్చేది పరిశ్రమల సంఘం ఫిక్కీ. ప్రతి కెమెరా, లెన్సు సీరియల్ నంబరు, బరువు, విలువ జాబితాలో ఉండాలి, డిపాజిట్టూ కట్టాలి. ఒక కెమెరా, రెండు లెన్సులే అయితే శంషాబాద్‌లో బయల్దేరే ముందు కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకుంటే సరిపోతుంది. లేకపోతే తిరిగొచ్చినప్పుడు మన కెమెరా మనదేనని నిరూపించుకోవాలి. విడి లిథియం బ్యాటరీలు చేతి సామానులోనే పెట్టాలి. 100 వాట్-అవర్ల లోపువి ఇబ్బంది లేదు, 160 దాకా విమాన సంస్థ అనుమతి కావాలి, ఆపైన అసలు ఎక్కనివ్వరు. డ్రోన్ ఇంట్లోనే ఉంచండి. లండన్ నడిబొడ్డున దాన్ని ఎగరేసే అనుమతుల కోసం పెట్టే శ్రమతో ఇంకో ఎపిసోడ్ తీయొచ్చు.

బ్రిటిష్ మ్యూజియంలో మామూలు సందర్శకుడు చేత్తో ఫొటోలు తీసుకోవచ్చు. ట్రైపాడ్‌తో టీవీ యూనిట్ దిగాలంటే ముందుగా రాసి అనుమతి తెచ్చుకోవాలి. లోపల మనకు పెద్ద శత్రువు అద్దం. ఎదురుగా నిలబడితే రాయి కంటే కెమెరామన్ చొక్కాయే బాగా కనబడుతుంది. యూనిట్ అంతా నల్ల బట్టలు వేసుకోవాలి, కెమెరా వెనక నల్లగుడ్డ పట్టాలి. పోలరైజర్ ఫిల్టర్ పెట్టి పక్కగా ఏటవాలుగా నిలబడితే ప్రతిబింబం చాలావరకు పోతుంది, కాకపోతే వెలుగూ కొంత తగ్గుతుంది. క్లోజప్‌కి రబ్బరు హుడ్ పెట్టుకుని దగ్గరగా జరగడమే మార్గం. అక్కడి కరెంటూ మనలాగే 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, 1/50 షట్టర్ పెడితే దీపాలు మినుకుమనవు. ఇదే యూనిట్ డాలస్ వెళ్తే షట్టర్ 1/60కి మార్చుకోవాలి.

ఎక్కువ సమయం పెట్టాల్సిన పలక ఒకటుంది. దాని మీద స్తూపమే చెక్కి ఉంది, లేని కట్టడం ఎలా ఉండేదో ఆ రాయే చూపిస్తుంది. దాన్ని ముందు ఒక కాలపు శిల్పులు ఒకవైపు చెక్కితే, కొన్ని శతాబ్దాల తర్వాతి శిల్పులు తిప్పి రెండోవైపు చెక్కారు. యాంకర్ ఇక్కడ మాట్లాడకపోవడమే మంచిది. బడిపిల్లల గోలలో ఎలాగూ వినబడదు. గది చప్పుడు మాత్రం అర నిమిషం విడిగా రికార్డు చేసుకుని, మాట తర్వాత వాయిస్ ఓవర్‌లో చెప్పించుకోవాలి. మెకంజీ గీయించిన బొమ్మల ఆల్బమ్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. దానికి వేరే అనుమతి, ప్రసారానికి వేరే రుసుము. రాత్రి హోటల్లో రషెస్ రెండు డిస్కుల్లోకి ఎక్కించి, ఆ రెండూ వేర్వేరు మనుషుల బ్యాగుల్లో పెట్టాలి.

అరగంట స్లాటంటే మనకు దక్కేది పూర్తి అరగంట కాదు. గంటకు 12 నిమిషాల ప్రకటనల పరిమితి లెక్కన చూస్తే 24 నిమిషాలు, టైటిళ్లు పోను ఇంకాస్త తక్కువ. మ్యూజియం క్యూరేటర్ ఇంగ్లీషు బైట్‌కి సబ్‌టైటిల్ వేసి ఊరుకోవద్దు. గురజాలలో మంచం మీద కూర్చుని చూసే మామ్మకి అది ఉపయోగపడదు. ఆయన గొంతు ఒక్క క్షణం వినిపించి, దాని మీద తెలుగు ఎక్కించండి. యాంకర్ చెప్పే తెలుగు కూడా మన వైపుదే కానివ్వండి, వార్తలు చదివే గొంతు ఈ కథకి అతకదు.

ఎడిటింగ్ హడావిడిలో కార్నెట్‌ను మాత్రం బీరువాలో పడేయకండి. తిరిగి దిగిన రోజే ఎయిర్‌పోర్టులో చివరి ముద్ర వేయించి, ఆ పుస్తకాన్ని ఫిక్కీకి పంపితేనే డిపాజిట్ తిరిగొస్తుంది. బ్రిటన్ వదిలేటప్పుడు వేయించాల్సిన ముద్ర తప్పితే, సామాను అక్కడే అమ్ముకొచ్చారన్న లెక్కన బ్రిటన్ సుంకం అడుగుతుంది.