ఇంజిన్ ఎక్కించాక మొదలయ్యే పని

రీబిల్డ్ చేసిన ఇంజిన్‌ను కారులో ఎక్కించి, మౌంటింగులు బిగించి, వైరింగ్ కలిపాక మెకానిక్‌కు రెండు పనులు మిగిలి ఉంటాయి. తొలిసారి స్టార్ట్ చేసినప్పుడు బయటపడే లోపాలను పట్టుకోవడం మొదటిది. కొత్త రింగులు, బేరింగులు కుదురుకునే దాకా ఇంజిన్‌ను రన్నింగ్‌లో పెట్టడం రెండోది. ఇంజిన్ దించి ఎక్కించేవాళ్లు ఏ గ్యారేజీలోనైనా దొరుకుతారు. ఎక్కించిన ఇంజిన్ ఎందుకు పొగ వదులుతోందో, ఎందుకు వేడెక్కుతోందో కారణంతో సహా చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఈ రంగంలో మంచి జీతం అడిగే హక్కు వాళ్లకే ఉంటుంది.

మన్సూరాబాద్, ఎల్బీ నగర్, వనస్థలిపురం కుర్రాళ్లకు ఈ విద్య నేర్చుకునే చోటు ఇంటి పక్కనే ఉంది. విజయవాడ రహదారి మీద, హరిణ వనస్థలి జింకల పార్కు దగ్గరున్న ఆటోనగర్ అది. ఓవరాలింగ్ పని సాధారణంగా ఒకే షెడ్డులో పూర్తికాదు. మెకానిక్ విప్పిన ఇంజిన్‌లో బ్లాకు బోరింగ్‌కు, క్రాంక్ గ్రైండింగ్‌కు, హెడ్ ఫేసింగ్‌కు, డీజిల్ బండి అయితే పంపు, ఇంజెక్టర్లు వేరే షాపుకు వెళతాయి. అన్నీ తిరిగొచ్చాక జోడించేది మెకానిక్కే కాబట్టి, ఎవరి పనిలో తేడా ఉన్నా చివరికి నిలదీసేది అతణ్నే. ఇదే పనిని పెద్ద ఎత్తున, ఒక పద్ధతి ప్రకారం చూడాలంటే ఉప్పల్‌లోని ఆర్టీసీ జోనల్ వర్క్‌షాప్ ఉంది.

పదో తరగతి పాసైనవారికి ఐటీఐలో మోటార్ వెహికల్ మెకానిక్ ట్రేడ్ రెండేళ్లు, డీజిల్ మెకానిక్ ఏడాది. పాలిసెట్ రాసి చేరితే ఆటోమొబైల్ డిప్లొమా మూడేళ్లు. హైదరాబాద్‌లో పేరున్న మల్లేపల్లి ప్రభుత్వ ఐటీఐలోనే 2024లో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్ల పథకానికి శంకుస్థాపన జరిగింది. టాటా టెక్నాలజీస్‌తో కలిసి రాష్ట్రంలోని 65 ఐటీఐలను మెరుగుపరచడం ఆ పథకం ఉద్దేశం. కోర్సు తర్వాత అప్రెంటిస్‌షిప్ చేయడం మంచిది. 2019లో సవరించిన నిబంధనలు ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవారికి నెలకు 7,700 రూపాయలు, డిప్లొమా వారికి 8,000 రూపాయలు కనీస స్టైపెండ్‌గా నిర్ణయించాయి. డబ్బు కొంచెమే అయినా, ఇతరుల బండ్ల మీద చేయి తిప్పే అవకాశం ఆ కాలంలోనే దొరుకుతుంది.

ఐటీఐలో చాలామంది విసుగ్గా దాటేసే పాఠం మైక్రోమీటర్, బోర్ గేజ్‌లది. నిజానికి తొలి స్టార్ట్ నాటి కష్టాల్లో చాలా వాటికి మూలం కొలవకుండా బిగించడమే. బోరింగ్ నుంచి వచ్చిన బ్లాకును సిలిండర్ పైన, మధ్యన, కింద, ఒక్కో చోట రెండు దిశల్లో కొలిస్తే టేపర్, ఓవాలిటీ తెలుస్తాయి. పిస్టన్లు 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్‌లో వస్తాయి. బోరు వాటికి సరిపోయిందో లేదో లేత్ షాపు మాట మీద నమ్మకూడదు. రింగును సిలిండర్‌లోకి దించి ఫీలర్ గేజ్‌తో గ్యాప్ చూడటానికి పట్టేది కొద్ది నిమిషాలే. గ్యాప్ తక్కువైతే వేడికి రింగు చివరలు ఒకదానికొకటి తగిలి సిలిండర్ గోడను గీసేస్తాయి. హెడ్ బోల్టులను టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. చాలా కొత్త ఇంజిన్లలో అవి ఒక్కసారి వాడి పారేసే రకం. పాతవే మళ్లీ వేసి మిగిల్చుకున్న కొన్ని వందలు, గ్యాస్కెట్ పోతే వేలల్లో ఖర్చు తెస్తాయి.

స్టార్ట్ చేసే ముందే ఆయిల్ ఇంజిన్ అంతా పాకాలి. పెట్రోల్ కారులో స్పార్క్ ప్లగ్గులు తీసి, ఫ్యూయెల్ పంపు, ఇగ్నిషన్ ఫ్యూజులు పీకి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టాలి. ఒక్కోసారి పది, పదిహేను సెకన్లకు మించి కొడితే స్టార్టర్ మోటార్ కాలుతుంది. టర్బో ఉంటే దాని ఆయిల్ పైపు విప్పి కాస్త ఆయిల్ పోశాకే బిగించాలి. కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలపాలి. బోరు నీళ్లు పోస్తే రేడియేటర్‌లో ఉప్పు పేరుకుంటుంది. అయినా షెడ్డులో చేతికందేది ఆ నీళ్ల బకెట్టే కాబట్టి ఈ తప్పు రోజూ జరుగుతూనే ఉంటుంది.

సెల్ఫ్ తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే, పని జరిగేటప్పుడు చేయి తగిలిన చోట్లను ముందుగా అనుమానించాలి. బాడీకీ ఇంజిన్‌కీ మధ్య ఎర్త్ పట్టీ బిగించడం మరిచిపోతే సెల్ఫ్ బరువుగా తిరుగుతుంది, సెన్సర్లు తప్పుడు లెక్కలు చెబుతాయి. స్కానర్ పీ0335 కోడ్ చూపిస్తే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్‌లో తేడా ఉన్నట్టు. అలాగని వెంటనే కొత్త సెన్సర్ కొనకూడదు. కనెక్టర్ కూర్చుందా, వైరు నలిగిందా అన్నది మల్టీమీటర్‌తో చూసుకోవాలి. ఈసీయూ కూడా మారిస్తే ఇమ్మొబిలైజర్ తాళాన్ని గుర్తుపట్టక ఇంజిన్‌ను ఆపేస్తుంది. చాలా కామన్ రైల్ డీజిల్ ఇంజిన్లలో ఇంజెక్టర్లు మార్చినప్పుడు వాటి మీది కోడ్‌ను ఈసీయూకు ఎక్కించాలి. లేకపోతే ఐడిలింగ్‌లో వణుకు, పొగ తప్పవు. ఇవన్నీ సరిగ్గా ఉన్నా స్టార్ట్ కాకపోతే టైమింగ్ మార్కులు, కంప్రెషన్ చూడాలి. ఏదైనా సిలిండర్‌లో కంప్రెషన్ తక్కువగా ఉంటే అందులో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. రీడింగ్ పెరిగితే లోపం రింగుల వైపు, పెరగకపోతే వాల్వుల వైపు లేదా గ్యాస్కెట్‌లో.

ఇంజిన్ అందుకున్నాక ఆయిల్ లైటు కొద్ది సెకన్లలో ఆరకపోతే వెంటనే ఆపేయాలి. ఆ తర్వాత చెవికి పని. హైడ్రాలిక్ ట్యాపెట్లు మొదట కాసేపు టకటకలాడినా గాలి పోయాక సద్దుమణుగుతాయి. కింద నుంచి, లోడ్ ఇచ్చేకొద్దీ పెరిగే దబదబ వేరు. ఒక్కో సిలిండర్ కాయిల్ కనెక్టర్‌ను వరసగా తీసి చూస్తే, ఏది తీసినప్పుడు ఆ దెబ్బ తగ్గుతుందో ఆ కనెక్టింగ్ రాడ్ బేరింగ్‌లోనే తేడా ఉంటుంది. టెంపరేచర్ ముల్లు పైకి పోతున్నా హీటర్ నుంచి చల్లగాలే వస్తుంటే కూలెంట్ తక్కువైనట్టు లేదా గాలి చిక్కుకున్నట్టు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోస్ గట్టిపడితే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి.

బిగించేటప్పుడు పూసిన ఆయిల్ కాలి మొదట కొంత నీలం పొగ రావడం సహజం. ఆగకుండా వస్తుంటే ఎప్పుడు వస్తోందో గమనించాలి. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు వస్తే వాల్వ్ సీళ్లు, లోడ్ మీద వస్తే రింగులు. వేడెక్కాక కూడా తీపి వాసనతో తెల్లపొగ వస్తే సిలిండర్‌లో కూలెంట్ కాలుతున్నట్టు. నల్లపొగ వస్తే ఇంధనం ఎక్కువవుతోంది, లేదా గాలి చాలడం లేదు.

రన్నింగ్-ఇన్ గురించి ఓనర్లలో ఉన్న పెద్ద అపోహ, బండిని ఎంత మెల్లగా నడిపితే అంత మంచిదని. రింగు సిలిండర్ గోడకు ఒదిగేది ప్రధానంగా దాని వెనక చేరే గ్యాస్ ఒత్తిడి వల్ల. లోడ్ లేకుండా గంటలకొద్దీ ఐడిలింగ్‌లో ఉంచితే ఆ ఒత్తిడి చాలదు. హోనింగ్ గీతలు ఒదుగుదలకు రాకముందే గోడ నున్నబడి గ్లేజ్ అవుతుంది. ఆ ఇంజిన్ ఇక ఆయిల్ తాగుతూనే ఉంటుంది. పుష్‌రాడ్ ఇంజిన్‌తో వచ్చిన పాత అంబాసిడర్ లాంటి వాటిలో ఇంకో ప్రమాదం ఉంది: ఫ్లాట్ ట్యాపెట్లున్న కొత్త క్యామ్ షాఫ్ట్‌కు స్టార్ట్ అయిన వెంటనే సుమారు 2000 ఆర్‌పీఎం దగ్గర ఇరవై నిమిషాలు నడిపించకపోతే క్యామ్ లోబులు అరిగిపోవచ్చు. ఆధునిక కార్లకు ఆ అవసరం లేదు. మధ్యస్థ లోడ్‌తో వేగం పెంచడం, గేరులోనే యాక్సిలరేటర్ వదిలి తగ్గనివ్వడం, మళ్లీ పెంచడం వాటికి సరైన పద్ధతి. టాప్ గేరులో తక్కువ స్పీడుతో లాగించకూడదు, రెడ్‌లైన్ దాకా తొక్కకూడదు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి ఒకే వేగంతో గంటసేపు పోవడం కంటే, హయత్‌నగర్ దాటాక చౌటుప్పల్ వైపు జాతీయ రహదారిలో ట్రాఫిక్‌ను బట్టి వేగం మారుతూ నడిచే బండికే రింగులు బాగా కుదురుకుంటాయి. ఎల్బీ నగర్ చౌరస్తా ట్రాఫిక్‌లో చిక్కడం అన్నిటికన్నా చెడ్డది.

తొలి ఆయిల్, ఫిల్టర్‌ను సాధారణంగా 500 కిలోమీటర్ల దగ్గరే మారుస్తారు. తీసిన ఫిల్టర్‌ను కోసి కాగితం విప్పి చూడటం మంచి మెకానిక్ అలవాటు. సన్నని మెరుపు కనిపిస్తే ఫరవాలేదు. రాగి రంగు రేకులు కనిపిస్తే బేరింగ్ మాట్లాడుతున్నట్టే, ఆ బండి రోడ్డెక్కకూడదు. ఆయిల్ ప్రెషర్, కంప్రెషన్ రీడింగులు, కిలోమీటర్లు ఒక కాగితం మీద రాసి ఓనర్‌కు ఇచ్చే షాపులు ఇంకా తక్కువే. గ్యారంటీ తగాదాల్లో మెకానిక్‌ను కాపాడేది ఆ కాగితమే.

ఇంజిన్ పూర్తిగా మార్చినప్పుడు నంబరు మారుతుంది, ఆర్సీలోనూ మారాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ముందు అనుమతి లేకుండా ఇంజిన్ మార్చిన ఓనర్ 14 రోజుల్లోగా రిజిస్టరింగ్ అథారిటీకి తెలియజేయాలి. పాత ఇంజిన్ కొన్న బిల్లు, దాని నంబరు లేకుండా మెకానిక్ ఆ ఇంజిన్‌ను ముట్టుకోకపోవడం క్షేమం. దొంగ బండి నుంచి వచ్చిందైతే పోలీసులు ముందుగా షెడ్డుకే వస్తారు.

ఎలక్ట్రిక్ కార్లు పెరిగేకొద్దీ బోరింగ్ షాపులకు పని తగ్గుతుంది. అయితే ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆపై అయిదేళ్ల చొప్పున రెన్యువల్ ఉండటం వల్ల ఇప్పటి పెట్రోల్, డీజిల్ బండ్లు చాలాకాలం రిపేరుకు వస్తూనే ఉంటాయి. వైరింగ్ డయాగ్రమ్ చదివి మల్టీమీటర్ పట్టగలిగిన మెకానిక్‌కు షోరూములలో డయాగ్నస్టిక్ టెక్నీషియన్ ఉద్యోగాలు దొరుకుతాయి. ఇన్సూరెన్స్ మోటార్ సర్వేయర్ లైసెన్సుకు మాత్రం డిప్లొమా గానీ డిగ్రీ గానీ కావాలి. రెండేళ్ల ఐటీఐ చేసినవారు బ్రిడ్జి కోర్సు పూర్తిచేసి, ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో నేరుగా చేరవచ్చు.