తక్‌పట్టీలో లేని జవాబు

మన్సూరాబాద్,
ఆదివారం పొద్దున

బిడ్డా,

నిన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఐసెట్ రాసి ఇక్కడే ఎల్బీనగర్ దగ్గర్లో ఎంబీఏలో చేరాలా, క్యాట్ రాసి రాజేంద్రనగర్‌లో అగ్రి బిజినెస్ చదవాలా అని కదా నీ సందేహం. "ఎంబీఏ అయితే ఏ కంపెనీకైనా పోవచ్చు, అదైతే ఒక్కటే దారి" అన్నాడట మీ నాన్న. నా తమ్ముడి భయం నాకు తెలియంది కాదు. కానీ ముప్పై ఏళ్లు పండ్ల మార్కెట్లో గుమస్తాగా బతికినవాణ్ని. నా లెక్క కూడా విను.

గడ్డిఅన్నారం మార్కెట్ కొత్తపేటలో ఉన్న రోజులవి. ఒక మే నెలలో కొల్లాపూర్ దిక్కు నుంచి ఒక రైతు డీసీఎం నిండా బేనీషాన్ మామిడికాయ తెచ్చాడు. దారిలో బండి చెడిపోయి పొద్దుటి వేలంపాటకు అందలేదు. టార్పాలిన్ విప్పితే వేడి ఆవిరి మొహానికి కొట్టింది. పైన కాయ గట్టిగానే ఉంది, అడుగుది మెత్తబడి చెమ్మ కారుతోంది. అది చూశాక ధర పాడేవాళ్ల గొంతే తగ్గిపోయింది. నేను తక్‌పట్టీ రాశాను. తూకం, ధర, కింద కిరాయి, హమాలీ, కమీషన్. అన్నీ పోను మిగిలింది చేతిలో పెడితే ఆయన లెక్క కూడా చూసుకోలేదు. "ఏం జేస్తే ఇట్ల కాకపోవు సారూ?" అన్నాడు. నాకు కూడికలూ తీసివేతలూ వచ్చు, ఆ ప్రశ్నకు జవాబు మాత్రం రాలేదు.

ఇప్పుడనిపిస్తుంది, ఆ జవాబు ఒక్కచోట దొరికేది కాదని. కొంత చెట్టు దగ్గర ఉంది, కొంత బండిలో, కొంత బ్యాంకులో, కొంత కొనేవాడితో ముందే రాసుకునే ఒప్పందంలో. వేడి తగలొద్దని మరీ చల్లగా పెట్టినా కుదరదు. పచ్చి కాయను 13 డిగ్రీలకు బాగా దిగువన ఉంచితే చలిదెబ్బ తిని, ఆ తర్వాత సరిగా పండదు. మాగబెట్టడానికి కార్బైడ్ వాడకూడదు, నిషేధం. ఇథిలీన్ గ్యాసుకు 100 పీపీఎం దాకా అనుమతి ఉంది. సరే, ఆ గ్యాసు గది కట్టడానికి అప్పు ఎంత తేవాలి? మామిడి ఉండేది రెండు మూడు నెలలే కదా, మిగతా కాలం ఆ గదిలో అరటి పెడితే వడ్డీ గిట్టుబాటవుతుందా? ఈ జవాబులో మొదటి సగం నువ్వు బీఎస్సీ అగ్రికల్చర్‌లో చదివావు. అగ్రి బిజినెస్ అంటే ఆ రెండో సగం. జనరల్ ఎంబీఏలోనూ ఫైనాన్సు, మార్కెటింగు చెప్తారు, కాదనను. కానీ అక్కడ పాఠంలో వచ్చే సరుకు సాయంత్రానికి కుళ్లిపోదు.

అదృష్టం ఏమిటంటే ఈ చదువు నీ యూనివర్సిటీ పక్కనే ఉంది. రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ 1987లో మొదలైంది, 1996 నుంచి అగ్రి బిజినెస్‌లో పీజీ డిప్లొమా నడుపుతోంది. 1976 నాటి నార్మ్ సంస్థలోనూ అలాంటి కోర్సు ఉంది. చేతికొచ్చేది ఎంబీఏ డిగ్రీ కాదు, డిప్లొమా. ఎంబీఏతో సమానమన్న ఏఐయూ (భారత విశ్వవిద్యాలయాల సంఘం) గుర్తింపు ఉందా అని చేరకముందే అడుగు. రేపు పీహెచ్‌డీకి పోయినా, సర్కారు కొలువుకు పోయినా ముందు అడిగేది అదే.

రైతుల సంస్థలకు మేనేజర్లు కావాలనే పాల సహకార సంఘాల కురియన్ గారు 1979లో ఆనంద్‌లో ఇర్మా అనే సంస్థ పెట్టించారు. ఆ అవసరం ఇంకా తీరలేదు. 2020లో కేంద్రం 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పెట్టిస్తామంది. సంఘం రిజిస్టర్ చేయించడం ఒక ఎత్తు, దాని లెక్కలు, గోదాము, బేరం నడిపే మనిషి దొరకడం ఇంకో ఎత్తు.

మీ నాన్న మాటా కొట్టిపారేయకు. మీ అన్నయ్య చేసింది జనరల్ ఎంబీఏనే, వాడికి బాగా పనికొచ్చింది. ఎందుకంటే అప్పటికే ఐదేళ్లు ఉద్యోగం చేసి, తన పనేమిటో తెలుసుకుని వెళ్లాడు. వాడికి కావాల్సింది వెడల్పు. నీకు కావాల్సింది లోతు. డిగ్రీ అవగానే ఏ పనీ తెలియకుండా "ఏ కంపెనీకైనా" అని బయల్దేరితే, ఆ "ఏదైనా" మన చేతిలో ఉండదు. లోతుకూ ఖరీదుంది మరి. మొదటి పోస్టింగు ఏ జిల్లా మూలకో పడొచ్చు. మొదటి జీతం ఐటీలో ఉన్న నీ స్నేహితురాలి కంటే తక్కువ కావచ్చు. ఒక ఏడు వానలు పడకపోతే ఆ రంగంలో కొత్త కొలువులూ తగ్గుతాయి. అందుకే కాలేజీ వాళ్లు చెప్పే పెద్ద ప్యాకేజీ వినొద్దు. నడిమి విద్యార్థికి ఎంత వచ్చింది, ఏ పనిలో చేరాడు, ఏడాది తర్వాత కూడా అక్కడే ఉన్నాడా అని కిందటి బ్యాచ్ వాళ్లనే అడుగు.

పరీక్షల గురించి కంగారు పడకు. క్యాట్ నవంబరు ఆఖర్లో, ఐసెట్ ఎండాకాలంలో. ఒకటి రాస్తే రెండోది పోదు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగు సెంటర్ల బోర్డులు చూసి మాత్రం నిర్ణయం చేయకు.

ఆ నిర్ణయానికి ఇంకో చోటుంది. 2021లో మన మార్కెట్‌ను బాటసింగారం తరలించారు. పాత స్థలంలో టిమ్స్ ఆసుపత్రికి మరుసటి ఏడు ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. వచ్చే ఆదివారం తెల్లవారకముందే ఇక్కడికి రా, హయత్‌నగర్ మీదుగా ఇద్దరం పోదాం. బండ్లు దిగేది, పాట పాడేది, తక్‌పట్టీ తీసుకుని రైతు పోయేది చివరిదాకా చూడు. నా పాత పుస్తకం ఒకటి ఇంట్లో ఉంది, తీసి పెడతాను. తిరిగొచ్చాక ఆ కొల్లాపూర్ రైతుకు నువ్వయితే ఏం చెప్పేదానివో వెనక పేజీలో రాయి. తప్పుగా రాసినా ఫర్వాలేదు. రాయబుద్ధే కాకపోతే ఐసెట్ ఫారం మనమే నింపుదాం, మీ నాన్నకు నేనే ఫోన్ చేసి చెప్తాను.

ఆశీస్సులతో,
నీ పెద్దనాన్న