నర్సు కూడా నాయకురాలే

నర్సు అనగానే సూది, మాత్ర, తెల్లని దుస్తులు గుర్తుకొస్తాయి. డాక్టరు చెప్పింది చేయడమే ఆమె పని అని మేమూ అనుకునేవాళ్లం. కానీ వైద్యం నాలుగు కాలాలపాటు నిలబడాలంటే నర్సులకు నిర్ణయించే బాధ్యత కూడా ఉండాలని చదివి తెలుసుకున్నాం. ఇందుకు మన రాష్ట్రంలోనే ఒక ఉదాహరణ ఉంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రతి 100 కాన్పుల్లో సుమారు 61 సిజేరియన్లే. రాష్ట్రాలన్నింటిలో ఇదే ఎక్కువ. దేశ సగటు 22 లోపే. అవసరమైనచోట ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది. అవసరం లేనిచోట చేస్తే తల్లి కోలుకోవడం ఆలస్యమవుతుంది, తరువాతి కాన్పుకు ప్రమాదం పెరుగుతుంది. మత్తు డాక్టరు, థియేటరు, మంచం అన్నీ ఎక్కువ కావాలి. మన మియాపూర్ చుట్టుపక్కల భవనాల పనికి వెళ్లే తల్లులకు అన్ని రోజుల కూలి పోయినట్టే.

మియాపూర్‌కు మెట్రో రైలు వచ్చిన 2017లోనే మరో మంచి పని మొదలైంది. రాష్ట్ర ప్రభుత్వం, ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్ కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించాయి. మిడ్‌వైఫ్ గర్భిణికి ధైర్యం చెబుతుంది, నడిపిస్తుంది, బిడ్డ గుండె చప్పుడు వింటుంది. ప్రమాద సూచన కనిపిస్తే వెంటనే డాక్టరును పిలుస్తుంది. ఎంతవరకు ఓపిక పట్టాలి, ఎప్పుడు పిలవాలి అని తేల్చేది ఆమే. ఇదే నాయకత్వం. మామూలు కాన్పులు వీరు చూసుకుంటే డాక్టరు సమయం, థియేటరు ప్రమాదంలో ఉన్నవారికి మిగులుతాయి. 2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం కూడా మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలు విడుదల చేసింది.

అయితే శిక్షణ ఒక్కటే చాలదు. నేర్చినవారిని వేరే వార్డుకు వేస్తే ఆ విద్య వృథా. సరిపడా నర్సులు ఉండాలి, వారి మాటకు విలువ ఉండాలి. ఫ్లోరెన్స్ నైటింగేల్ అంటే దీపం పట్టుకున్న బొమ్మే మనకు తెలుసు. కానీ ఆమె క్రిమియా యుద్ధంలో సైనికుల మరణాల లెక్కలు తీసి, పటాలు గీసి చూపి, ఆసుపత్రుల పరిశుభ్రత కోసం పోరాడింది.

చెల్లెళ్లారా, తమ్ముళ్లారా! ఇంటర్ బైపీసీ తరువాత నాలుగేళ్ల బి.ఎస్సీ. నర్సింగ్ చదవవచ్చు. డాక్టరు సీటు రాకపోతే చూద్దాంలే అనుకోకండి, ఇష్టపడి ఎంచుకోండి. రేపు మన అక్కో వదినో కాన్పుకు వెళితే, "భయం లేదమ్మా, నేనున్నా" అనే నర్సు మన హాస్టల్ బిడ్డే కావాలని కోరుకుంటున్నాం.