రూపాయి - డాలర్: మారకపు రేటు మలుపులు

1947లో రూపాయి, డాలర్ సమానమన్న ప్రచారం తప్పు. అప్పుడు రూపాయికి 18 పెన్నీలు, పౌండుకు 240 పెన్నీలు. అంటే పౌండు రూ.13.33. అదే పౌండుకు 4.03 డాలర్లు. భాగించి చూడండి, డాలర్ సుమారు రూ.3.31.

ముఖ్యాంశాలు
* 1949 సెప్టెంబర్: పౌండుతో పాటే మూల్యహీనీకరణ, డాలర్ రూ.4.76.
* 1966 జూన్ 6: ఇందిరాగాంధీ హయాంలో డాలర్ రూ.7.50.
* 1975: పౌండుతో ముడి వీడి, పలు కరెన్సీల బుట్టతో అనుసంధానం.
* 1991 జులై 1, 3: రెండు విడతల్లో మూల్యహీనీకరణ. ప్రధాని పీవీ నరసింహారావు, ఆర్థిక మంత్రి మన్మోహన్‌సింగ్.
* 1993 మార్చి: మార్కెట్ నిర్ణయించే ఏకీకృత రేటు.

గమనిక: ప్రభుత్వం తగ్గిస్తే మూల్యహీనీకరణ, మార్కెట్లో తగ్గితే విలువ క్షీణత. అభ్యర్థులు ఈ రెంటినీ కలిపేయకూడదు.