రంగులలోని వెలుగు

అజంతా మొదటి గుహలో అడుగుపెట్టిన వారికి ముందుగా ఎదురయ్యేది చీకటి. కొంతసేపటికి కన్నులు ఆ చీకటికి అలవాటుపడతాయి. అప్పుడు గర్భాలయ ద్వారానికి ఎడమవైపున, చేత కలువను ధరించి, తల ఒకింత వంచి నిలిచిన పద్మపాణి బోధిసత్త్వుని రూపం మెల్లమెల్లగా గోడమీద నుండి వెలికి వస్తుంది. ఆ ముఖం లోపలి నుండి వెలుగుతున్నట్లు తోస్తుంది. చిత్రంలో దీపం లేదు, సూర్యుడు లేడు, నేలమీద ఎవరి నీడా పడలేదు. మరి ఆ వెలుగు ఎక్కడినుండి వచ్చింది?

17వ శతాబ్దపు ఐరోపా చిత్రకారులలో పలువురు వెలుగును ఒక ప్రక్కనుండి వచ్చే కిరణంగా భావించారు. ఆ కిరణం సోకిన భాగం ప్రకాశిస్తుంది. సోకని భాగం నీడలో మునిగిపోతుంది. ఆసియా సంప్రదాయ చిత్రకారుల మార్గం వేరు. వారి దృష్టిలో వెలుగు వస్తువుపై బయటినుండి పడేది కాదు. రంగులోనే నిలిచి ఉండేది. అందుచేత వారు నీడను ఆశ్రయించక, రంగునే వెలిగించే ఉపాయాలను అన్వేషించారు.

అజంతా చిత్రాలలో అధికభాగం క్రీ.శ. 5వ శతాబ్దానికి చెందినవి. శిల్పులు గరుకుగా చెక్కిన రాతిగోడపై మట్టి, ఊక, నార కలిపిన పూత పూసి, దానిపై సన్నని సున్నపు పూత వేశారు. అది ఆరిన తరువాత జిగురు కలిపిన రంగులతో చిత్రించారు. ఎర్రకావి, పసుపుకావి, దీపపు మసి, ఆకుపచ్చని మట్టి వంటివి వారి రంగులు. నీలం మాత్రం నేటి అఫ్గానిస్తాన్‌లోని బదఖ్షాన్ గనులనుండి వచ్చిన రాజావర్తమనే రాతి పొడి. అడుగున ఉన్న తెల్లని పూత పై రంగులకు కాంతినిస్తుంది. ముక్కు, గడ్డం, పెదవి వంటి ఉబ్బెత్తు భాగాలపై లేతరంగు తాకించి, అంచులను క్రమంగా ముదురు చేయడంవల్ల చదునైన గోడమీద శరీరం గుండ్రదనాన్ని పొందింది. ఈ పద్ధతిని విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం 'వర్తన' అని పేర్కొని, దానిలో మూడు విధాలను వివరించింది.

చైనా చిత్రకారులు వెలుగును ఖనిజాలలో వెదికారు. 1113వ సంవత్సరం నాటికి వాంగ్ షిమెంగ్ అనే యువకుడు సుమారు 12 మీటర్ల పొడవైన పట్టుచుట్టపై వేయి కోసుల నదులను, పర్వతాలను చిత్రించాడు. అప్పటికి అతని వయస్సు 18 సంవత్సరాలు. ఆ చిత్రంలోని కొండలకు నీలిరంగు అజురైట్ నుండి, ఆకుపచ్చరంగు మాలకైట్ నుండి లభించాయి. ఈ రెండూ రాగి ఖనిజాలే. వీటిని ముతకగా నూరితే రంగు గాఢంగా ఉంటుంది. మెత్తగా నూరేకొద్దీ లేతబడుతుంది. అనగా ఒకే రాతినుండి నూరుడు భేదంతో చిత్రకారుడు పలు ఛాయలను సాధించగలడు. తొమ్మిది శతాబ్దాలు గడచినా ఆ కొండలు నేటికీ రత్నాలవలె మెరుస్తున్నాయి.

జపాన్‌లో ఈ భావన మరొక రూపం ధరించింది. 18వ శతాబ్దారంభంలో ఒగాటా కోరిన్ చిత్రించిన ఐరిస్ పూల తెరలు టోక్యోలోని నెజు మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో ఆకాశం లేదు, నేల లేదు, నీరు లేదు. బంగారు రేకులు అతికించిన నేపథ్యంపై నీలిపూలు, పచ్చని ఆకులు మాత్రమే ఉన్నాయి. కాగితపు కిటికీలగుండా వచ్చే మసక వెలుగును, రాత్రివేళ దీపపు కాంతిని ఇటువంటి బంగారు తెరలు గ్రహించి గదిలోనికి తిరిగి ప్రసరింపజేసేవి. అక్కడ చిత్రమే దీపమైనది.

మన దేశంలో సూక్ష్మచిత్రాలు రచించిన వారు కాగితంపై తెల్లని పూత వేసి, దానిని బోర్లించి, వెనుకనుండి అకీకు రాతితో నునుపుగా రుద్దేవారు. అందువలన రంగు పొరలు గట్టిపడి నిగనిగలాడేవి. 17వ శతాబ్దంలో హిమాలయ పాదాలలోని బసోలీ చిత్రకారులు ఆభరణాలలోని పచ్చలకు బదులుగా ఒకరకపు పురుగుల మెరిసే రెక్కల తునకలను అతికించారు. చిత్రాన్ని చేతిలో పట్టుకొని కొద్దిగా వంచితే ఆ నగలు తళుక్కుమంటాయి. పహాడీ చిత్రాలలోని రాత్రి దృశ్యాలు మరింత ఆసక్తికరమైనవి. చంద్రుడో, నక్షత్రాలో, కాగడాయో అది రాత్రి అని తెలియజేస్తాయి. కాని పలు చిత్రాలలో నాయికానాయకుల ముఖాలు పగటివేళవలెనే స్పష్టంగా కనిపిస్తాయి. వారిని చీకటిలో ముంచడానికి చిత్రకారునికి మనసొప్పలేదు.

ఇంతటి వెలుగును దాచుకున్న చిత్రాలు మిక్కిలి సున్నితమైనవి. అజంతా ఆనాడు హైదరాబాదు రాజ్యంలో ఉండేది. పెచ్చులుగా రాలిపోతున్న చిత్రాలను రక్షించడానికి నిజాం ప్రభుత్వం 1920లో ఇటలీనుండి నిపుణులను రప్పించింది. వారు ఊడిన పొరలను శ్రద్ధతో అతికించి, పైన లక్కతో చేసిన వార్నిష్ పూశారు. వారి ఉద్దేశం మంచిదే. ఎన్నో చిత్రాలు వారివలన నిలిచాయి. కాని కాలక్రమంలో ఆ పూత పసుపుబారి, నల్లబడి, చిత్రాల అసలు కాంతిని కప్పివేసింది. తరువాతి కాలంలో భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నిపుణులు ఆ పొరను ఓర్పుతో తొలగించవలసి వచ్చింది. మెరుపుకోసం పూసిన పూతే మెరుపును హరించింది.

వెలుగు కూడా చిత్రాలకు మేలు మాత్రమే చేయదు. మొక్కలనుండి, పురుగులనుండి తీసిన రంగులు తీవ్రమైన కాంతికి వెలిసిపోతాయి. ఖనిజపు రంగులు అంతగా వెలిసిపోకపోయినా, పట్టును చుట్టి విప్పినప్పుడల్లా రేణువులు రాలే ప్రమాదం ఉన్నది. ఆ కారణంచేతనే వాంగ్ షిమెంగ్ చిత్రాన్ని బీజింగ్ ప్యాలెస్ మ్యూజియం వారు అరుదుగా ప్రదర్శిస్తారు. అజంతాలో ఫ్లాష్‌తో ఫొటోలు తీయడం నిషేధం. ఈ నియమాలు కొందరికి విసుగు కలిగించవచ్చు. కాని నేడు మనం క్షణకాలం ప్రసరించే కాంతి, రేపటి తరంవారు చూడవలసిన రంగును కొంత హరిస్తుందని గ్రహించినవారు వాటిని ఆదరిస్తారు.

పద్మపాణిని చూడడానికి మిరుమిట్లు గొలిపే దీపాలు అవసరం లేదు. గుహ చీకటిలో కొంతసేపు నిశ్చలంగా నిలబడితే చాలు. పదిహేను శతాబ్దాల క్రితం పేరు తెలియని చిత్రకారుడు రంగులో నిక్షేపించిన వెలుగు తనంతట తానే కన్నులను చేరుతుంది. దానిని చూడగల ఓర్పును అలవరచుకోవడం రసికుని లక్షణం. చెదరకుండా తరువాతి తరానికి అందించడం పౌరుని ధర్మం.