తొయామాకు నవంబరు చివర్లో వెళ్లొచ్చా?

ప్రశ్న: నవంబరు చివరి వారంలో అమ్మానాన్నలతో జపాన్‌లోని తొయామా వెళ్లాలనుకుంటున్నాం. కొండలూ సముద్రమూ రెండూ చూడగలమా? అమ్మ శాకాహారి.

జవాబు: తప్పకుండా వెళ్లండి. టోక్యో నుంచి షింకన్‌సెన్‌లో రెండు గంటల పైచిలుకు ప్రయాణం, పెద్దవాళ్లకు అలసట ఉండదు. అయితే ముందు కొండల పని చూసుకోండి. తతెయామా-కురొబె కొండదారి నవంబరు 30తో మూతపడి మళ్లీ ఏప్రిల్ మధ్యలోగానీ తెరుచుకోదు. ఆ దారిలో 2,450 మీటర్ల ఎత్తునున్న మురొదోలో అప్పటికే మంచు పేరుకుంటుంది, గట్టిగా కురిస్తే బస్సులు ఆగిపోతాయి. అందుకే ఈ కొండదారి ప్రయాణం కోసం చేతిలో మరో రోజు ఖాళీగా ఉంచుకోండి.

సైబీరియా చలిగాలి వెచ్చటి జపాన్ సముద్రం మీదుగా తేమ పీల్చుకుని వచ్చి ఈ కొండలను ఢీకొంటుంది. కొండల మీద మంచు, ఊళ్లో వాన. అన్నం డబ్బా మరిచినా గొడుగు మరవొద్దంటారు అక్కడివాళ్లు. మీరూ ఆ మాట పాటించండి.

తెల్లవారి ఆకాశం తేటగా ఉంటే మిగతావన్నీ పక్కన పెట్టి అమహరషి తీరానికి వెళ్లండి. అలల వెనకే మూడు వేల మీటర్ల మంచు శిఖరాలు! జపాన్‌లో నాకు అంతకంటే ఇష్టమైన దృశ్యం లేదు.

అమ్మగారి భోజనం సంగతి తేలిగ్గా తీసుకోకండి. కూరగాయల వంటకాల్లోనూ, సూప్‌లోనూ ఎండుచేప రసం కలుస్తుంది. బస ఖాయం చేసుకునేటప్పుడే చేపరసం కూడా వద్దని జపనీస్‌లో రాసి పంపండి. పొడులూ పచ్చళ్లూ సరే, మాంసం కలిసినవి మాత్రం పెట్టెలో వద్దు, కస్టమ్స్‌లో ఆపేస్తారు.